నాలుగేళ్ళాగి రమ్మన్నాను

నేను మాట్లాడితే జనం నవ్వేవారు. ముప్పై రెండేళ్ళ ఆరోగ్యశాఖ ఉద్యోగంలో పైవాళ్ళూ కిందివాళ్ళూ కూడా నాలో ఒప్పుకున్న గుణం అదొక్కటే. దోమల గురించి చెప్పినా, మరుగుదొడ్ల గురించి చెప్పినా, ఆపరేషన్ల గురించి చెప్పినా ముందు ఒక నవ్వు, తర్వాతే సంగతి. "ఆయన్ని పంపండి, మీటింగు నిలబడుతుంది" అనేవారు మా డాక్టరుగారు. ఆ మాటకి పొంగిపోయేవాణ్ణి. ఆ మధ్య ఈ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చి, "మీ సర్వీసులోంచి మాకు పనికొచ్చేది ఏదైనా రాయండి సార్" అన్నారు. నవ్వించిన సంగతులు రాస్తానని వాళ్ళు అనుకుని ఉంటారు. పనికొచ్చేది అన్నారు గనక ఇది రాస్తున్నాను.

నా ఆఖరి పోస్టింగు కడియం వైపు. కాలువకి రెండు పక్కలా నర్సరీలే. పచ్చ నెట్టు పందిళ్ళు, వాటి కింద బారులు తీరిన మొక్కల కవర్లు, గేటు దగ్గర ఏ మహారాష్ట్రకో వెళ్ళడానికి లోడవుతున్న లారీ. ఆ మొక్కలన్నీ ఆడవాళ్ళ చేతుల మీదుగా పెరిగినవే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొద్దున్నే ఆటోల్లో గుంపులుగా వస్తారు. చీర మీద మొగుడి ఫుల్ చేతుల చొక్కా, తలకి తువ్వాలు. మట్టి కలుపుతారు, కవర్లు నింపుతారు, అంట్లు కడతారు, నీళ్ళు పెడతారు. ఒక్కో మేస్త్రి కింద ఇరవై ముప్పై మంది ఉంటారు. ఈ నెల ఇక్కడైతే వచ్చే నెల పని ఎక్కడుంటే అక్కడ.

నోటికి, గర్భసంచికి, రొమ్ముకి వచ్చే క్యాన్సర్ల గురించి వాళ్ళకి చెప్పి, పరీక్షలకి పేర్లు నమోదు చేయడం అప్పట్లో మా పని. ముప్పై ఏళ్ళు నిండినవాళ్ళ పేర్లు ట్యాబులో ఎక్కించాలి. అంతకన్నా తక్కువ వయసు కొడితే ఆ పేజీ తెరుచుకునేది కాదు. పేజీ తెరుచుకోకపోవడానికీ, ఆ వయసులో జబ్బు రాకపోవడానికీ సంబంధం లేదు. చిన్న వయసులో తక్కువ, కానీ రాదని లేదు. ఏ వయసులోనైనా చేతికి గడ్డ తగిలితే చూపించుకోవాల్సిందే. ఈ సంగతి నాకు ట్రైనింగులో చెప్పారు. నోట్సు కూడా రాసుకున్నాను.

నాతో పనిచేసిన ఏఎన్ఎమ్ నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. నేను సిస్టర్ అనేవాణ్ణి, ఆవిడ సార్ అనేది. వ్యాక్సిన్ బాక్సు ఒళ్ళో పెట్టుకుని నా స్కూటర్ వెనక తొమ్మిదేళ్ళు తిరిగింది. ఆదివారం చర్చిలో పాడిన పాట సోమవారం పొద్దున నా వీపు వెనక సన్నగా వినిపించేది. ఆవిడ నాకెప్పుడూ ఎదురు చెప్పలేదు. నేను చేసింది నచ్చకపోతే పాట ఆపేసేది, అంతే.

ఆ రోజు ఒక పెద్ద నర్సరీలో మీటింగు. యజమాని మధ్యాహ్నం అన్నాల వేళ అరగంట ఇచ్చారు. కొబ్బరి పొట్టు బస్తాలు పేర్చిన షెడ్డులో నలభై మంది దాకా కూర్చున్నారు. సగం మంది క్యారేజీలు విప్పేశారు. ఆకలి మీదున్న వాళ్ళని మాటలతో పట్టుకోవడం కష్టం. నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. ఎవరి క్యారేజీలో ఏ కూరుందో వాసన బట్టి చెప్తానన్నాను, రెండు తప్పు చెప్పాను, షెడ్డంతా నవ్వింది. తర్వాత వయసులు అడుగుతూ ముప్పై నిండినవాళ్ళని ముందుకి రమ్మన్నాను.

ముందు వరసలో ఒక అమ్మాయి కూర్చుంది. నీలం గళ్ళ చొక్కా. చేతి గోళ్ళ నిండా ఎర్రమట్టి. అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నది ఆమే. క్యారేజీ విప్పలేదు.

"నీకెన్నేళ్ళమ్మా?" అన్నాను.

"ఇరవయ్యారండి."

"ఇరవయ్యారా. ఈ జబ్బు రావడానికైనా ఓ వయసుండాలి కదమ్మా. నీకింకా రాలేదు. వెళ్ళి అన్నం తిను. నాలుగేళ్ళాగి రా, నీకు కుర్చీ వేయించి కూర్చోబెడతా."

షెడ్డు మళ్ళీ నవ్వింది. వెనక నుంచి ఎవరో పెద్దావిడ, "లేవే, నీకింకా జబ్బు చేసే యోగం లేదంట" అంది. దానికి ఇంకా నవ్వారు. ఆ అమ్మాయి కూడా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వి లేచి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే నేను ఫోటో తీశాను. రిపోర్టుతో పాటు ఫోటో పంపాలి, జనం ఉత్సాహంగా ఉన్నట్టు కనబడాలి. చాలా బాగా వచ్చిన ఫోటో అది. నలభై మంది ఆడవాళ్ళు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. కుడి అంచున నీలం చొక్కా వీపు కొంచెం కనబడుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ వెనక పాట లేదు. కాలువ వంతెన దాకా చూసి నేనే అడిగాను.

"ఏంటి సిస్టర్, ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉందండి."

"మరి?"

"ఆ పిల్ల అన్నం తినలేదు సార్. కుళాయి దగ్గర నించుని మనకేసే చూసింది, మనం బయల్దేరేదాకా. ఏదో అడగడానికొచ్చింది."

"అడిగితే చెప్పేవాళ్ళం కదా. నోరు లేదా?"

"అందరూ నవ్వాక ఏం అడుగుద్దండి."

నేను స్కూటర్ వేగం పెంచాను. ఆవిడ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. వారం పోయాక మాత్రం ఆఫీసులో నా బల్ల దగ్గరికొచ్చి నించుంది.

"సార్, ఆ గుంపు ఆలమూరు వైపు వెళ్ళిపోయిందంట. మేస్త్రి ఎవరో కనుక్కున్నాను. రేపు మధ్యాహ్నం ఒక్క పూట వెళ్ళొస్తాను."

"రేపు నెలాఖరు రిపోర్టు కదా."

"పోనీ ఎల్లుండి."

"ఎల్లుండి జ్వరాల సర్వే. ఉందో లేదో తెలీని జబ్బు కోసం పేరు కూడా తెలీని పిల్లని వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతామా సిస్టర్? అంత అవసరమైతే తనే వస్తుంది."

"ఆయ్, అలాగేనండి" అని వెళ్ళిపోయింది. గోదావరి వాళ్ళకి చెప్పనక్కర్లేదు, ఆ "ఆయ్" ఒప్పుకున్నప్పుడూ వస్తుంది, ఒప్పుకోనప్పుడూ వస్తుంది.

ఒక్క పూట. ఉద్యోగంలో నేను ఎన్ని పూటలు టీ కొట్ల దగ్గర పారబోశానో లెక్క లేదు. ఆ ఒక్క పూట మాత్రం ఇవ్వలేకపోయాను. రిపోర్టు కోసం కాదు. ఆవిడ నా తప్పు చూసింది, దాన్ని సరిదిద్దుతానంటోంది. అది నాకు గిట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నాను గనక ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నాను. అప్పుడు రిపోర్టు కోసమేనని నిజంగానే నమ్మాను.

ఆ తర్వాత వానలొచ్చాయి, వరదొచ్చింది, గోదావరి లంకల్లో క్యాంపులు వేశాం. నీళ్ళు తీశాక జ్వరాలు. ఈలోగా అవగాహన కార్యక్రమాలు బాగా చేసినందుకు మా ఆరోగ్య కేంద్రానికి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. దాని మీద మా ఫోటోయే వేశారు, నవ్వుతున్న నలభై మందీ. డాక్టరుగారు అద్దం కట్టించి ఓపీ గది గోడకి పెట్టించారు. కుడి అంచు ఫ్రేము కిందికి పోయింది.

ఏడు నెలలు గడిచాయి. కాలువకి అవతల ఇంకో నర్సరీలో మీటింగు. ఈసారి సిస్టర్ నన్ను అడక్కుండానే, "వయసుతో పని లేదు, అందరూ రండమ్మా" అని పిలిచింది. పెద్దవాళ్ళు వచ్చారు. చిన్నవాళ్ళు పది పదిహేను మంది కవర్ల వరసల మధ్య అలాగే కూర్చుని తింటున్నారు.

"రండమ్మా, మీరూ రండి" అంది సిస్టర్.

"మాకెందుకండి? ముప్పై లోపు రాదు కదా" అంది వాళ్ళలో ఒకామె, అన్నం కలుపుకుంటూ.

"ఎవరు చెప్పారు?"

"ఆస్పత్రి సారే చెప్పారంటండి. ఆ వేమగిరి వైపు వాళ్ళూ ఇదే మాట అంటున్నారు."

"ఏ సారు?"

"పేరు తెలీదండి. బాగా నవ్విస్తారంట."

నేను అప్పటికి కుర్చీలోంచి సగం లేచి ఉన్నాను. అలాగే ఉండిపోయాను. ఇంతలో మొక్కల వెనక నుంచి చేయి కడుక్కుంటూ ఒకమ్మాయి వచ్చింది. నీలం గళ్ళ చొక్కా వెలిసిపోయింది, మోచేతి దగ్గర అతుకేసి ఉంది. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది.

"అదిగో, ఈ సారే" అంది మిగతావాళ్ళతో. "చెప్పానా? ఈయనే నాతో అన్నది." తర్వాత నాకేసి తిరిగి, "గుర్తున్నానాండి? నాలుగేళ్ళాగి వస్తే కుర్చీ వేస్తానన్నారు" అంది.

"గుర్తున్నావమ్మా" అన్నాను.

"మీ పుణ్యాన అప్పట్నుంచి నిద్ర పట్టిందండి. అంతకుముందు రోజూ పడుకుంటే చెయ్యి అక్కడికే పోయేది. మా అత్తగారేమో పాలగడ్డ అనేది. పాప పాలు మానేసి రెండేళ్ళయ్యింది, ఇంకా పాలగడ్డేంటని నా భయం. మీరు రాదన్నాక ఇంకెందుకులే అని వదిలేశాను. వీళ్ళకీ చెప్పాను, ఊరికే భయపడకండే అని."

సిస్టర్ చేతిలో బొమ్మల పుస్తకం ఉంది. దాన్ని బస్తా మీద పెట్టి, గబగబా వెళ్ళి ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుంది. "రామ్మా, ఒక్క నిమిషం" అని పనిముట్లు పెట్టుకునే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

నేను ముప్పై మంది ఆడవాళ్ళ ముందు నించుని ఉన్నాను. వాళ్ళు నాకేసి చూస్తున్నారు. బాగా నవ్విస్తాడన్న మనిషి వచ్చాడు, ఇప్పుడు నవ్విస్తాడని. ఒకావిడ క్యారేజీ మూత తెరిచి, "ఏం కూరో చెప్పండి సార్" అంది. పాత నర్సరీలో చేసిన హాస్యం కూడా ఇక్కడికి చేరిందన్నమాట. నేను ముప్పై రెండేళ్ళలో ఊరూరా చెప్పిన మంచి మాటలు ఎన్నో గాలికి పోయాయి. నీళ్ళు కాచి తాగమంటే ఎవరూ తాగలేదు. ఎవరికీ చెప్పమని నేను అడగని ఒక్క అబద్ధం మాత్రం నోటి నుంచి నోటికి, ఆటో నుంచి ఆటోకి ఎక్కి రెండు మండలాలు తిరిగింది.

తలుపు తీసుకుని సిస్టర్ బయటికొచ్చింది. నా దగ్గరగా వచ్చి, ఎవరికీ వినబడకుండా, "జీపు పిలిపించండి సార్" అంది. అంతే అంది.

డాక్టరుగారు చూసి వెంటనే రాజమండ్రి పెద్దాస్పత్రికి రాశారు. మర్నాడు నేనూ సిస్టరూ ఆ అమ్మాయిని తీసుకుని వెళ్ళాం. భర్త మొక్కల లారీ మీద డ్రైవరు, ఆ వారం ఎక్కడో నాగపూరు దాటి ఉన్నాడు. ఫోనుకి దొరకలేదు. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరుగారు, మాకన్నా చిన్నావిడే, కాగితాలు చూస్తూ అడిగింది.

"ఇది ఎన్నాళ్ళుగా ఉందమ్మా?"

"తొమ్మిది నెలలు అవుతుందండి."

"చదువుకున్నదానివిలా ఉన్నావు. ఇన్నాళ్ళు ఎందుకాగావు? ఎవరికైనా చూపించుకోవాలని తెలీదా?"

గదిలో మేం నలుగురమే ఉన్నాం. ఆ అమ్మాయి ఒక్క క్షణం నాకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎవరైనా పెద్దమనిషి చొక్కా గుండీ ఊడి ఉంటే చూసి చూడనట్టు ముఖం తిప్పుకుంటామే, అలా తిప్పుకుంది.

"పనిలో పడి అశ్రద్ధ చేశానండి" అంది.

నేను నోరు విప్పలేదు. "కాదు డాక్టరుగారూ, నా వల్ల" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. డాక్టరుగారు ఆమెని ఇంకో రెండు మాటలు కోప్పడ్డారు. తల వంచుకుని విని, "ఆయ్" అంది. షెడ్డులో నేనన్న మాట నోరు జారి అన్నదని చెప్పుకోవచ్చు. ఈ మౌనానికి అలాంటి సాకు కూడా లేదు. సిస్టర్ గోడకేసి చూస్తూ నించుంది.

సాయంత్రం బస్టాండులో సిస్టర్ టీలు తేవడానికి వెళ్ళినప్పుడు చెప్పాను.

"ఆ రోజు నేను తప్పు చెప్పానమ్మా. నీ వయసులోనూ వస్తుంది."

"తెలీక చెప్పారా, తెలిసి చెప్పారా?"

"తెలుసు. ఆ నిమిషం అందరూ నవ్వితే చాలనుకున్నాను."

ఆమె చాలాసేపు బస్సుల బోర్డులు చదువుతున్నట్టు కూర్చుంది. తర్వాత, "నన్ను లేపేసినప్పుడు సిగ్గేసిందండి. ఇంటికెళ్ళాక మాత్రం సంతోషం వేసింది. ఆ రాత్రి పాపకి జడేసి పాట పాడాను, చాన్నాళ్ళకి. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సంతోషమే ఎక్కువ మోసం చేసిందండి" అంది. సిస్టర్ టీలు తెచ్చింది. ఆ అమ్మాయి గ్లాసు అందుకుని, "సర్లెండి. రేపు ఆస్పత్రిలో ఏ కిటికీ దగ్గరికి వెళ్ళాలో అది చెప్పండి ముందు" అంది.

కార్డు మీద వైద్యం జరిగింది. ముందు మందులు, తర్వాత ఆపరేషన్, మళ్ళీ మందులు. జుట్టంతా పోయింది. కుడి రొమ్ము తీసేశారు. భర్త లారీ మానేసి నాలుగు నెలలు దగ్గరుండి చూసుకున్నాడు. ఆ మనిషికి కూడా నేను చెప్పాను, నా వల్ల ఏం జరిగిందో. అతను విని, "ఆస్పత్రిలో రాత్రి పూట దోమలండి, ఓ దోమతెర ఉంటే ఇప్పించండి" అన్నాడు. ఇప్పించాను.

ఇక నా మాట నేను వెనక్కి తీసుకునే పని. అబద్ధం ఆటోల్లో వెళ్ళింది, దాని వెనక నేను స్కూటర్ మీద. ఒక్కో నర్సరీకి వెళ్ళి, "ముప్పై లోపు రాదని నేనన్నాను, అది తప్పు, వస్తుంది" అని చెప్పేవాణ్ణి. హాస్యం కలపకుండా చెప్తే నా మాట ఎంత పేలవంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. "ఈయన ఆ సారు కాదే, ఆయన బాగా మాట్లాడతాడంట" అని ఒకచోట నా ముందే అనుకున్నారు. తప్పు మాట నమ్మినంత గట్టిగా ఒప్పు మాట నమ్మడం లేదు. మూడు నెలలు తిరిగినా ఒక్క చిన్న వయసు పిల్ల కూడా పరీక్షకి రాలేదు.

ఆ పని చేసింది ఆమే. జుట్టు బెత్తెడు పెరిగాక ఒకరోజు మా కేంద్రానికి వచ్చి, "నేనూ వస్తానండి మీటింగులకి" అంది. సిస్టరుకి ఆమె అంటే అప్పటికే ప్రాణం. ముగ్గురం స్కూటర్ మీద పట్టం గనక ఆటోలో వెళ్ళేవాళ్ళం. మొదటి మీటింగులో నేను కుర్చీ వేసుకోబోతుంటే అడ్డొచ్చింది.

"సార్, మీరు గేటు దగ్గర కూర్చోండి. మేస్త్రిని కూడా తీసుకెళ్ళండి. మగాళ్ళుంటే వీళ్ళ నోట్లోంచి మాట రాదు."

"నేను ఆస్పత్రి మనిషిని కదమ్మా."

"అయితే ఆస్పత్రిలో కూర్చోండి."

లోపల నవ్వులు. నేను బయటికి నడిచాను. తొమ్మిదేళ్ళుగా ప్రతి మీటింగులో నేనెందుకు లోపల కూర్చున్నాను? సిస్టర్ మనసులో ఆ ప్రశ్న ఎన్నాళ్ళ నుంచి ఉందో నేను అడగలేదు.

ఆమె ఏం చెప్పేదో నాకు సిస్టర్ ద్వారానే తెలుసు. మట్టి నింపిన మొక్క కవరు ఒకటి తీసుకుని, లోపల ఒక రాయి దాచి, వరసగా చేతికిచ్చేదట. కవరు నింపాక నొక్కి చూసి, రాయి తగిలితే విప్పి మళ్ళీ నింపడం వాళ్ళ రోజువారీ పని. కళ్ళు మూసుకుని కూడా కనిపెట్టేస్తారు. "చూశారా, మన వేళ్ళకి తెలుసు. రోజుకి ఎన్ని కవర్లు నొక్కుతున్నామో, మన ఒంటిని నెలకోసారి చూసుకోలేమా? వేళ్ళు మూడూ ఆనించి చుట్టూరా, చంక దాకా. నెలసరి అయిన వారానికి. చర్మం లోపలికి లాగినా, ఏదైనా కారినా, మీ అత్తకి కాదు, సిస్టరుకి చెప్పండి" అనేదట. తర్వాత చొక్కా గుండీలు తీసి తన మచ్చ చూపించేదట. అది ఏ బొమ్మల పుస్తకంలోనూ లేదు, ఏ ట్రైనింగూ నేర్పదు.

ఆ ఏడాది చిన్న వయసు పిల్లలు వచ్చారు. ఒకరి వెనక ఒకరు, ఇద్దరేసి, చేతులు పట్టుకుని. చాలామందికి ఏమీ లేదు, కొందరికి మామూలు గడ్డలు. భయపడుతూ వచ్చి తేలిగ్గా వెళ్ళేవారు. సిస్టర్ మళ్ళీ పాడటం మొదలుపెట్టింది, ఆటోలో వాళ్ళిద్దరూ కలిసి పాడేవారు. డ్రైవరు పక్కన కూర్చుని వినేవాణ్ణి. నా ఉద్యోగమంతటిలో మళ్ళీ ఒక్కసారి బతకమంటే ఏ రోజు కోరుకుంటానని మీరడిగితే, ఆ ఏడాదిలో ఏదో ఒక సాయంత్రం చాలు. కాలువ గట్టు, నెట్టు పందిళ్ళ మీద పొద్దు, వెనక సీట్లో ఆ రెండు గొంతులు.

వెన్నులో నొప్పి అని మొదలైంది. మట్టి తట్టలు మోయడం వల్లేమో అనుకుంది. పరీక్ష చేస్తే ఎముకల్లోకి వచ్చేసింది. ముందే పట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఎవరూ ఖాయంగా చెప్పలేరన్నారు ఆ చిన్న డాక్టరుగారు, ఈసారి నేను నిజం చెప్పాక. ఆ మాటని నేను ఓదార్పుగా వాడుకోలేదు. వాడుకోబోయి ఆగాను. ఆమె గోదావరి నిండుగా పారుతున్న రోజుల్లో పోయింది. నేను ఆగి రమ్మన్న నాలుగేళ్ళు నిండలేదు.

మట్టి చేసి వస్తుంటే సిస్టర్ నాతో ఒక మాటంది. "ఆ ఒక్క పూట ఇచ్చుంటే బాగుండేది సార్." గట్టిగా కూడా అనలేదు. నేను ఇంకా అంటుందని చూశాను. తిడుతుందని, ఏడుస్తుందని. అనలేదు. ఆర్నెల్లకి కోనసీమ వైపు బదిలీ పెట్టించుకుని వెళ్ళిపోయింది. క్రిస్మస్‌కి ఫోను చేస్తాను. "బాగున్నారా సార్, బీపీ మందులు వేసుకుంటున్నారా" అని అడుగుతుంది. నేను వినాలనుకున్న తిట్టు ఇప్పటికీ రాలేదు. ఇక రాదని తెలుసు. తిట్టి ఉంటే బహుశా కొంత తేలికపడేవాణ్ణేమో. ఆవిడకి అది తెలిసే తిట్టలేదేమో.

రిటైరయ్యే రోజు ఓపీ గదిలోని ప్రశంసాపత్రం నాకు జ్ఞాపికగా ఇవ్వబోయారు. వద్దన్నాను. వినయం అనుకున్నారు.

ఇప్పుడు నన్నెవరూ పంపరు. అయినా మీటింగు ఉందని తెలిస్తే వెళ్తాను. కొత్త ఏఎన్ఎమ్‌లు ఇద్దరు, ఇరవై అయిదు దాటని పిల్లలు, కవర్లో రాయి దాచడం వాళ్ళూ చేస్తున్నారు. ఎవరు మొదలుపెట్టారో వాళ్ళకి తెలీదు. నేను చెప్పలేదు, ఇప్పుడు చదివి తెలుసుకుంటారు. నా పని గేటు దగ్గర. ఒక ఖాళీ క్రేటు బోర్లించుకుని కూర్చుంటాను. లారీ వాళ్ళు, మేస్త్రులు లోపలికి పోకుండా చూస్తాను.

పోయిన బుధవారం కూడా వెళ్ళాను. అరగంటకి మీటింగు అయిపోయింది. ఆడవాళ్ళు షెడ్డు గుమ్మంలో చెప్పులు తొడుక్కుని పనిలోకి వెళ్ళిపోతున్నారు. మేస్త్రి గడియారం చూసుకుంటూ వచ్చాడు, లారీ లోడు ఉందట. అందరూ వచ్చేశాక గుమ్మం ముందు ఒక జత చెప్పులు మిగిలాయి. రబ్బరు చెప్పులు, ఒకదానికి పట్టీ మార్చి వేరే రంగుది వేశారు. లోపల చాలా సన్నగా మాటలు. ఎవరివో నాకు తెలీదు. ఆమెవి కావని మాత్రం తెలుసు.

మేస్త్రి గుమ్మం వైపు అడుగేసి, "ఎవరే ఇంకా లోపల? ఏం ముచ్చట్లు?" అన్నాడు.

నేను లేచి అతని చెయ్యి పట్టుకున్నాను. "ఉండనివ్వండి" అన్నాను. "లోడు నేను మోస్తాను."

అతను నా వయసు చూసి, నా చెయ్యి చూసి, వెనక్కి తగ్గాడు. ఇద్దరం గేటు దగ్గరే నించున్నాం, ఆ అమ్మాయి చెప్పదలుచుకున్నది పూర్తిగా చెప్పి వచ్చేదాకా.